కాస్త ముందు చెప్పిన నిజం

పెద్దాయన ఈరోజు ఎవరినీ తిట్టడం లేదు. నాకు భయం వేస్తున్నది అందుకే. ఈ ఆపరేషన్ థియేటర్లో నర్సుగా ఏళ్ల తరబడి ఆయన పక్కన నిలబడ్డాను. కత్తి చేతిలోకి రాగానే ఆయన నోరు తెరుచుకుంటుంది, లైటు పక్కకి పోయిందని ఒకరిని, దారం పొట్టిగా కత్తిరించారని ఇంకొకరిని, ఎవరూ దొరక్కపోతే ఏసీని, అదీ బాగానే ఉంటే తన కళ్లద్దాల్ని తిడతాడు. మేం ఆ తిట్లని రేడియోలా వింటూ పని చేసుకుంటాం. అవి వినపడుతున్నంతసేపూ లోపల అంతా సవ్యంగా ఉన్నట్టే లెక్క. ఆయన నోరు మూసుకున్న రోజులు నాకు గుర్తే, అవి ఎలా ముగిశాయో కూడా గుర్తే. ఈరోజు ఆ బల్ల మీద పడుకున్నది నేను. నా ఒంటి మీద ఆకుపచ్చ గుడ్డలు పరిచి, మెడ దగ్గర ఇంకో గుడ్డని తెరలా కట్టారు, ఆ తెర అవతల నుంచి ఆయన, కాస్త ఆ క్లాంపు ఇలా ఇవ్వమ్మా, అంటున్నాడు. ఇవ్వమ్మాట. ఇన్నేళ్లలో ఆయన నోట అమ్మా అన్న మాట నేను వినలేదు, కాలికి బల్ల తగిలినప్పుడు తప్ప.

నాకు ఆరో నెల, ఇంకా నిండలేదు. అపెండిక్స్ వాచింది, పగిలిందో లేదో తెరిస్తేగానీ తెలియదు అన్నారు. నడుములో సూది పొడిచి ఛాతీ కిందనుంచి మొద్దుబార్చారు. పూర్తిగా నిద్రపుచ్చకుండా ఇలా చేస్తేనే కడుపులో ఉన్నవాళ్లకి మంచిదని మత్తు డాక్టరమ్మ చెబితే తలూపాను, ఊపక చేసేదేముంది, ఆ మాట ఇదే బల్ల పక్కన నిలబడి ఎంతమందికి చెప్పానో నేను. కాళ్లు ముందు వెచ్చబడ్డాయి, తర్వాత బరువెక్కాయి, తర్వాత లేవు. నిజంగానే లేవు, ఎవరో పట్టుకుపోయినట్టు. కుడి తుంటి కింద దిండు పెట్టి నన్ను ఎడమకి ఒరిగించారు, బిడ్డ బరువు వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడకూడదని. ఆ దిండు పెట్టడం కూడా నా పనే, మామూలుగా అయితే. సరిగ్గా పెట్టారో లేదో తెలియడం లేదు, తుంటి నాది కాదు కదా ఇప్పుడు. గర్భసంచి పిరికిది, పక్కింట్లో గొడవైనా ఉలిక్కిపడుతుంది. అది ఉలిక్కిపడి బిగుసుకోవడం మొదలుపెడితే, బిగుసుకుని బిగుసుకుని లోపలివాళ్లని బయటికి తోసేస్తే, ఈ నెలలో మా చేతిలో ఏమీ ఉండదమ్మా అని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆమె కూడా అమ్మా అనే అంది. ఈరోజు అందరూ అమ్మా అంటున్నారు.

ఇంకో సంగతి కూడా నాకు తెలుసు, తెలియకుండా ఉంటే ఎంత బాగుండేది. బిడ్డ గుండె చప్పుడు ఆపరేషన్‌కి ముందు వింటారు, అయిపోయాక వింటారు. మధ్యలో వినరు. కడుపంతా మందు పూసి శుభ్రం చేసి గుడ్డలు కప్పిన చోట ఆ యంత్రం పెట్టడానికి వీల్లేదు. ముందు విన్నప్పుడు ఉంది, టకటకమంటూ పరుగెడుతూ ఉంది, అది విని మా ఆయన గోడకి ఆనుకున్నాడు. అయ్యాక ఉంటుందా? ఈ మధ్యలో ఉన్నదంతా ఎవరికీ తెలియని సమయం. మామూలుగా అయితే ఈ సమయానికి ఒక తన్ను తన్నాలి, మధ్యాహ్నం భోజనం టైముకి ఠంచనుగా లోపల గడబిడ మొదలవుతుంది. ఇప్పుడు తన్నుతున్నా నాకు తెలియదు. తన్నడం మానేసినా తెలియదు. ఎవరో నా బీరువాలో బట్టల మడతల కింద చెయ్యి పెట్టి దేనికోసమో వెతుకుతున్నట్టు ఉంది, అంతే. నొప్పి లేదు, వెతుకులాట మాత్రం తెలుస్తోంది. మెల్లిగా వెతకండయ్యా, పక్క అరలో మనుషులున్నారు.

చేతులు మాత్రం నావే, ఉండీ లాభం లేదు. రెండింటినీ రెండు పక్కలకి చాపి పెట్టారు, ఒకదానికి బీపీ పట్టీ, ఒకదానికి సెలైను సూది, మణికట్ల దగ్గర మెత్తటి కట్లు. కుడిచెయ్యి కడుపు మీదికి పోవాలని చూస్తోంది. ఇన్ని నెలల్లో ఎప్పుడూ పోలేదు ఇలా. బస్సులోనూ క్యూలోనూ కడుపు నిమురుకుంటూ కూర్చునే ఆడవాళ్లని చూస్తే నాకు చిరాకు. నేను ఈ గదిలో చాలా చూశాను, ముందే మురిసిపోయినవాళ్లు తర్వాత ఎలా ఏడ్చారో చూశాను, అందుకే నా చెయ్యిని నేనే దూరంగా ఉంచుకున్నాను. మా పెద్దదానికి పద్నాలుగేళ్లు, ఇన్నాళ్లకి మళ్లీ కడుపు అనేసరికి నాకే ఏం చెయ్యాలో తెలియలేదు, ఎవరికి చెప్పడానికీ నోరు రాలేదు. డ్యూటీ చేశాను, చీటీలో రాసిన మాత్రలు మింగాను, స్కానింగులు తీయించుకున్నాను, ఒక్క మాట మాట్లాడలేదు లోపలికి. ఏమని మాట్లాడతాను? ఇప్పుడు మాట్లాడదామంటే నా కడుపు తెరకి అవతల ఉంది. ఇక్కడ పడుకున్న వాళ్లందరి చేతులూ ఇలాగే జరుగుతూ ఉండేవి, చెయ్యి అక్కడే ఉంచమ్మా, ముట్టుకోకూడదు, అని వెనక్కి పెట్టి, మళ్లీ జరిగితే విసుక్కునేదాన్ని. చెబితే అర్థం కాదా అనుకునేదాన్ని. చేతికి చెబితే ఏం అర్థమవుతుంది, నా మొహం.

తల దగ్గర స్టూలు వేసుకుని అక్క కూర్చుంది. రక్తసంబంధం లేదు, నాకు ఈ పని నేర్పిన పెద్ద నర్సు, ఇంకొన్నాళ్లకి రిటైరవుతుంది, ఈరోజు సెలవులో ఉండి కబురు తెలిసి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వచ్చేసింది. ఆమె చెయ్యి నా నుదుటి మీద ఉంది. ఆ చెయ్యి వాసన కూడా నాకు తెలుసు, సబ్బూ స్పిరిటూ కలిసిన వాసన. మెలకువగా ఉన్న పేషెంటు తల దగ్గర కూర్చుని ఏం మాట్లాడాలో నాకు నేర్పింది ఈవిడే. ఇంకెంతసేపు అని అడిగితే, అయిపోయిందమ్మా, కుట్లేస్తున్నారు, అని చెప్పాలి. లోపల ఇంకా సగం కూడా కాకపోయినా అదే చెప్పాలి. కొత్తలో నాకు నోరు రాలేదు, అబద్ధం కదక్కా అన్నాను. అబద్ధం కాదే, కాస్త ముందు చెప్పిన నిజం, అంది. ఎప్పటికైనా కుట్లు వేస్తారుగా, మనం తొందరపడి ముందు చెప్పాం, అంతే. ఆ తర్వాత ఎంతమందికి చెప్పానో. కుట్లేస్తున్నారు, కుట్లేస్తున్నారు. వాళ్ల మొహాలు అలా సడలిపోయేవి, మెడలో నరం కిందకి దిగేది, అదొక మందులా పనిచేసేది. ఒక బస్సు కండక్టరమ్మ ఉండేది, ఆమెకి చాలాసేపు పట్టిన కేసు, నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ అదే చెప్పాను. వార్డులో డ్రెస్సింగు మార్చడానికి వెళ్తే నవ్వింది. నువ్వు చెప్పింది అబద్ధమని మొదటిసారే తెలుసు సిస్టరూ, నేనూ రోజూ అంటాగా, బస్సు వెనకాలే ఇంకోటి ఖాళీగా వస్తోందని. అయినా నువ్వు అలా అంటుంటే వినాలనిపించింది, అంది.

అందుకే లోపలికి తెచ్చేముందు స్ట్రెచర్ మీదే అక్క చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాను. నాకు మాత్రం కుట్లేస్తున్నారని చెప్పొద్దు, నిజంగా వేసినప్పుడే చెప్పాలి. సరేలే అంది. నాకు బాగా తెలుసు, ఆమె సరేలే అంటే సరే కాదు. ఇప్పటిదాకా మాత్రం మాట మీదే ఉంది. నుదురు రాస్తోంది, చెమట తుడుస్తోంది, ఏమీ చెప్పడం లేదు. చెప్పడం లేదంటే కుట్లు ఇంకా మొదలవలేదని. ఇదేం ఒట్టు వేయించుకున్నాను నేను, నా గొయ్యి నేనే తవ్వుకున్నట్టుంది. ఆమె మాట్లాడని ప్రతి నిమిషమూ నాకు ఒక కబురే. అక్కా ఏదో ఒకటి చెప్పు, అబద్ధమైనా సరే, అని అడగాలనిపిస్తోంది, ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు, నోరు ఎండిపోయింది.

పైన లైటు. దాని చుట్టూ మెరిసే స్టీలు అంచు ఉంటుంది, అందులో కింద జరిగేదంతా చిన్నగా వంకరగా కనిపిస్తుంది. పేషెంట్లు అటు చూడకుండా మేం తల పక్కకి తిప్పేస్తాం. ఇప్పుడు నా తల ఎవరూ తిప్పలేదు, దీనికి తెలుసుగా, ఇది చూడదులే అనుకుని ఉంటారు. చూడకూడదనుకుంటూనే చూశాను. ఆకుపచ్చ మధ్యలో ఒక ఎర్రటి మచ్చ, దాని మీద నాలుగు తెల్లటి చేతులు. మచ్చ ఎక్కడుందో చూడండి. ఎప్పుడూ గీత గీసే చోట కాదు, బాగా పైన, దాదాపు పక్కటెముకల దగ్గర. అపెండిక్స్ నొప్పి ఎక్కడ వస్తుందో నేను కళ్లు మూసుకుని వేలు పెట్టి చూపించగలను, బొడ్డుకి కుడివైపు కిందకి, ఆ చోట మందు పూసి పూసి నా చెయ్యి అరిగింది. నాకు వచ్చిన నొప్పి అక్కడ కాదు. పైన వచ్చింది. అందుకని అది కాదు అనుకున్నాను. ఇంకెవరైనా అయితే కడుపు నొప్పమ్మో అని ఏడుస్తూ ఓపీ చీటీ రాయించుకుని లైన్లో కూర్చునేది. నాకు చోటు తెలుసు, అదే నా కొంప ముంచింది.

మా ఆసుపత్రిలో పనిచేసేవాళ్లం ఎవరమూ చీటీ రాయించుకోం. అదొక నామోషీ. రెండు కేసుల మధ్య, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర, డాక్టరుని ఆపి, సార్ ఇక్కడ కాస్త నొప్పిగా ఉంటోంది, అంటాం. ఆయన గ్లౌజులు తీస్తూనో తొడుక్కుంటూనో ఏదో మాత్ర పేరు చెబుతాడు. కారిడార్ వైద్యం అంటాం దాన్ని, నవ్వుకుంటాం, అందరం బతుకుతూనే ఉన్నాం దానితో. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు, మాకు పెరట్లో చెట్లే చెట్లు. నేనూ అలాగే పెద్దాయన్ని ఆపాను. ఆయన నా గౌను మీంచే రెండు వేళ్లతో నొక్కి, ఇక్కడా, గ్యాసు, టైముకి తిని చావు, అని వెళ్లిపోయాడు. తిట్టాడు కాబట్టి నాకు నిశ్చింతగా అనిపించింది. ఆ సాయంత్రం డ్యూటీ కూడా చేశాను, మర్నాడూ చేశాను. కడుపు పెరిగేకొద్దీ గర్భసంచి పేగుల్ని పైకి నెడుతుందనీ, వాటితోపాటు అపెండిక్స్ అనే ఆ చిన్న తోక కూడా పైకి పోతుందనీ, అప్పుడు నొప్పి కూడా పైనే వస్తుందనీ ఆయనకి తెలియదా? నాకు తెలియదా? పరీక్ష కోసం చదివి రాశాను కూడా. కానీ ఆ కుళాయిల దగ్గర నేను గర్భిణిని కాను, నర్సుని. ఆయనకీ కాను, నాకూ కాను. వాంతి మొదలై, జ్వరం వచ్చి, ఇనుప మంచం పట్టుకుని వంగిపోయాకే మా ఇద్దరికీ నేను గర్భిణినని గుర్తొచ్చింది. ఆయన వార్డులోకి వచ్చి ఈసారి గౌను మీంచి కాదు, సరిగ్గా పడుకోబెట్టి నొక్కి చూసి, ఎడమకి తిప్పి మళ్లీ నొక్కి చూసి, ఏమీ అనకుండా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అప్పటినుంచే ఆయన తిట్టడం మానేశాడు. కోపం వచ్చింది నాకు, ఇప్పుడూ ఉంది, ఆయన మీదా నా మీదా. అయినా ఈ కడుపులో చెయ్యి పెట్టడానికి ఆ చెయ్యి తప్ప ఇంకో చెయ్యిని నేను ఒప్పుకునేదాన్ని కాదు, ఇదేం విడ్డూరమో.

వాసన వచ్చింది. మాస్కులోంచి కూడా వచ్చింది. తెర అవతల ఎవరో ఊపిరి ఆపారు. ఆ వాసన తెలియని వాళ్లు ఏ మురిక్కాలవో అనుకుంటారు, నాకు మాత్రం చెప్పక్కర్లేదు. పగిలింది. ఎంత? కొంచెమా, అంతా పాకిందా? సక్షన్ గొట్టం గుర్రుమంది, నీళ్లు పీల్చే చప్పుడు వేరు, చిక్కటిదాన్ని పీల్చే చప్పుడు వేరు, గొట్టం మధ్య మధ్యలో ఉక్కిరిబిక్కిరి అవుతోంది. ఇంకొంచెం సెలైను పొయ్యండి, కడగండి, మళ్లీ పొయ్యండి, అని పెద్దాయన మెల్లగా, గుళ్లో మాట్లాడినట్టు చెబుతున్నాడు. సంచిని ముట్టుకోకండి, పక్కనుంచి, పక్కనుంచి, అన్నాడు. సంచి అంటే నా గర్భసంచి. ముట్టుకోకండి అన్నాడంటే ముట్టుకున్నారన్నమాట. ఎవరు ముట్టుకున్నారు? అక్కడ మనుషులున్నారని చెప్పానా లేదా? నాకు లోపలినుంచి ఏదో పైకి లాగినట్టయి డోకు వచ్చింది, కళ్ల ముందు పసుపురంగు చుక్కలు, మత్తు డాక్టరమ్మ నా చెవి దగ్గర, బీపీ పడింది, మందు ఇస్తున్నాను, గుండె దడదడలాడుతుంది, కంగారు పడకు, అంది. అక్క నా తల పక్కకి తిప్పి బేసిను పట్టుకుంది. దడ మొదలైంది. మానిటర్ నా గుండెతోపాటు బీప్ బీప్ మంటూ పరుగందుకుంది. ఈ గది ఎప్పుడూ నాది, నా తాళాలు, నా అలమరాలు, ఈ గోడ టైలు మీద పగులు కూడా నాదే, ట్రాలీ తగిలించింది నేనే. ఇటు ఒరిగి చూస్తుంటే ఎవరి గదో పరాయి గదిలా ఉంది.

మా ఆయన బయట ఏం చేస్తుంటాడు? లిఫ్టుల మెకానిక్కు, కంగారు పడినప్పుడు దగ్గరలో లిఫ్టు ఉంటే దాని చప్పుడు వింటూ నిలబడతాడు, దీనికి బేరింగు పోయింది, ఇది ఇంకో నెల ఆడుతుంది, అని తనలో తను అనుకుంటాడు. ఈసారి ఆయన సంబరం చూడాలి. నోట్లో నువ్వుగింజ నానదు మనిషికి, నేను నాలుగు నెలలదాకా ఎవరికీ చెప్పొద్దంటే మూడో రోజుకే వీధి చివర ఇస్త్రీ బండి దాకా తెలిసిపోయింది. కడుపులో ఉన్నది మగో ఆడో ఏమని పిలవాలో తెలియక, అద్దెవాళ్లు అని పేరు పెట్టాడు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ, అద్దెవాళ్లు లేచారా, అంటాడు. రాత్రి నేను అటూ ఇటూ దొర్లుతుంటే, ఏమంటున్నారు, ఇల్లు ఇరుకుగా ఉందంటున్నారా, అంటాడు. నేను నవ్వేదాన్ని కాదు, చాల్లెండి సంబడం, అనేదాన్ని. పెద్దది మొదట సిగ్గుతో నాతో మాట్లాడటమే మానేసింది, ఈ వయసులో ఏంటమ్మా నువ్వు, ఫ్రెండ్స్‌కి ఏం చెప్పాలి, అని తలుపు వేసుకుంది. ఒకరోజు నిద్రపోతున్నానని అనుకుని నా కడుపు దగ్గరకి వంగి, చెవుల్లో పెట్టుకునే ఆ చిన్న స్పీకర్లు ఆనించి ఏదో పాట వినిపించింది. కళ్లు తెరవకుండా పడుకున్నాను. లోపల కదిలారు. దానికీ తెలిసింది, గబుక్కున చెయ్యి తీసేసింది. పొద్దున స్ట్రెచర్ పక్కన నడుస్తూ, వాళ్లకేం కాదుగా అమ్మా, అంది. మా ఇంట్లో అందరికీ అద్దెవాళ్లే. నేనేం చెప్పాను దానికి? నేను నర్సుని కదా, నోటికొచ్చిన అబద్ధం లేదా నా దగ్గర? ఏమీ రాలేదు. సంతకం పెట్టే దగ్గర మా ఆయన కాగితం అంతా చదివి, ఇందులో ఒక్కరి పేరే ఉంది, రెండోవాళ్లకి కాగితం వేరే ఉంటుందా, అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వించడానికి అడగలేదు.

ఇల్లు ఖాళీ చేసి పోకండి. ఇదే మొదటిసారి నేను మీతో మాట్లాడటం, తప్పుగా అనుకోకండి, నాకు ఇలాంటివి చేతకావు. గోడలు పగలగొడుతున్నారని భయపడకండి, మరమ్మతు అంతే, మీ గది జోలికి ఎవరూ రారు, వస్తే చెప్పండి. చెప్పలేరు కదూ. చెప్పినా నాకు తెలియదు కదూ. ఈ మత్తు దిగేదాకా నేను మీ గోడ అవతలి మనిషిని. మీరు కాస్త గట్టిగా పట్టుకుని కూర్చోండి, దేన్నో ఒకదాన్ని, తాడే ఉందిగా మీ దగ్గర. మీరు వెళ్లిపోతే మీ నాన్న లిఫ్టు చప్పుడు వింటూ అక్కడే నిలబడిపోతాడు. నేను రేపటినుంచి మళ్లీ ఈ గదిలోకి ఎలా రాను? ఈ బల్ల తుడిచేది నేనే. నాకు మీరు కావాలి. ఇదిగో అన్నాను. కావాలి. ఈ మాట ఇప్పటిదాకా అనలేదని కోపంగా ఉంటే తర్వాత తన్నుదురు గానీ, ఎంతైనా తన్నుకోండి, నేను పక్కకి తిరిగి పడుకోను, నిద్ర పట్టడం లేదని గొణగను.

తెర అవతల గుడ్డలు లెక్కపెడుతున్నారు. రక్తం తుడిచిన గుడ్డలన్నీ బయటికి వచ్చాయో లేదో చూసుకోకుండా కడుపు మూయరు. ఆ లెక్క చెప్పే గొంతు నాది కాదు, అయినా నా పెదాలు కదులుతున్నాయి దానితోపాటు. సరిపోయాయి. అంటే మూస్తారు. అంటే లోపలి పని అయిపోయింది. అక్క ఏమీ అనడం లేదేం? సూది పట్టుకునే పనిముట్టు టక్కుమంది, అది నాకు బాగా తెలిసిన టక్కు, మళ్లీ టక్కుమంది. అక్క నా నుదుటి మీద చెయ్యి ఆపింది. "కుట్లేస్తున్నారే," అంది. "నిజంగానే." నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ మాస్కులోనే ఉండిపోయాయి. అప్పుడు దారం కత్తిరించిన వాళ్లెవరో పొట్టిగా కత్తిరించినట్టున్నారు. నీకు కళ్లున్నాయా, అవి బొత్తాములా, అని పెద్దాయన అరిచాడు. గది మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. తిట్టు నాయనా, తిట్టు, నీ నోటికి దండం, ఇంకొకటి తిట్టు.

గుడ్డలు తీసేశారు. తెర కూడా తీసేశారు. నా కడుపు నాకు కనిపించింది, పక్కకి ఒరిగి, మందు రంగుతో పచ్చగా, కుడివైపు పైన తెల్లటి కట్టుతో. కదలడం లేదు. నేను చూస్తున్నంతసేపూ కదల్లేదు. అక్క గుండె చప్పుడు వినిపించే ఆ చిన్న యంత్రం తెచ్చింది, దాని బ్యాటరీ మూత ఎప్పుడో విరిగితే ప్లాస్టరుతో అతికించింది నేనే. జెల్లు రాసి బొడ్డు కింద ఆనించింది. గరగర. అటు జరిపింది, గరగర. పెద్దాయన గ్లౌజులు తీయకుండా నిలబడ్డాడు. డాక్టరమ్మ వెనకనుంచి వంగి చూస్తోంది. గరగర, గరగర, గాలి. తర్వాత దొరికింది. దడ్ దడ్ దడ్ దడ్, వేగంగా, పరుగులాగా. సహాయం చేస్తున్న చిన్న డాక్టరు, హమ్మయ్య, అన్నాడు. అక్క నావైపు చూసి, "ఇదిగో, విన్నావుగా," అంది.

విన్నాను. దడ్ అన్నప్పుడల్లా నా తల వెనక మానిటరు బీప్ అంటోంది. దడ్, బీప్. దడ్, బీప్. ఒక్కటి కూడా తప్పిపోవడం లేదు. ఒకరి అడుగులో ఒకరు అడుగు వేసినట్టు. జ్వరం, భయం, బీపీ కోసం ఇచ్చిన మందు, నా గుండె పరుగెత్తక ఏం చేస్తుంది? అదేదో చిన్నప్రాణి గుండెలాగే పరుగెడుతోంది. అందరి మొహాల్లోనూ వెలుగు. దాన్ని ఆర్పాలంటే నాకే బాధగా ఉంది. మాస్కులోంచే గట్టిగా అన్నాను.

"అది నాది, అక్కా."

చిన్న డాక్టరు మానిటరు వైపు చూసి, యంత్రం వైపు చూసి, తల దించుకున్నాడు. అక్క మాత్రం ఆశ్చర్యపోలేదు. అప్పుడు అర్థమైంది నాకు, ఆమెకి ముందే తెలుసు. ముప్పై ఏళ్లుగా వింటున్న చెవులవి, తల్లిది ఏదో బిడ్డది ఏదో తెలియదా? ఒట్టు తప్పింది. "తెలుసే," అంది మెల్లగా, యంత్రం ఎత్తి మళ్లీ జెల్లు రాస్తూ. "ఒక్క నిమిషం నువ్వు ఊపిరి పీల్చుకుంటావని." కోప్పడదామంటే నాకు ఓపిక లేదు, నేను ఎంతమందికి అలాంటి నిమిషాలు ఇచ్చానో. నా కుడిచెయ్యి కట్టు విప్పమన్నాను. డాక్టరమ్మ రెండు చేతులవీ విప్పింది. కుడిచెయ్యి ఎవరూ చెప్పకుండానే పోయింది, జెల్లు మీదికి, బొడ్డు పక్కకి, ఎడమవైపు కిందకి, రాత్రిళ్లు ఎప్పుడూ గడబిడ జరిగే మూలకి. ఆ చర్మం నా అరచేతికి తెలుస్తోంది, చర్మానికి నా అరచెయ్యి తెలియడం లేదు, ఎవరి కడుపునో ముట్టుకున్నట్టుంది. ఇక్కడ, అన్నాను. అక్క అక్కడ ఆనించింది.

గరగర. గాలి. దూరంగా నా గుండె, దాన్ని ఇప్పుడు గుర్తుపట్టగలను. ఆ తర్వాత దాని కిందనుంచి, సన్నగా, ఇంకేదో. గడియారాన్ని గుడ్డలో చుట్టినట్టు. అక్క వేలితో కొంచెం నొక్కింది. టకటకటకటక. మానిటరు బీప్ అంది. టకటక. బీప్. కలవడం లేదు. ఒకటి ముందుకి పోతోంది, ఒకటి వెనకబడుతోంది, రెండింటికీ పొత్తు లేదు, ఎవరి పరుగు వాళ్లదే. ఇంకాసేపు విన్నాను, ఎక్కడైనా కలుస్తాయేమోనని భయపడుతూ విన్నాను. కలవలేదు. అక్క ఈసారి ఏమీ చెప్పలేదు. ఇదిగో అనలేదు, విన్నావుగా అనలేదు, యంత్రాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది, ఆమె కళ్లలోంచి నీళ్లు మాస్కులోకి దిగుతున్నాయి. పెద్దాయన గ్లౌజులు లాగి బకెట్‌లో విసిరికొట్టాడు. "ఇంకోసారి కుళాయిల దగ్గర నొప్పని చెప్పావంటే కాళ్లు విరగ్గొడతాను, నీవీ, నావీ," అన్నాడు. నావీ అని, అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఇప్పుడే అంతా అయిపోలేదు, నాకు తెలుసు. సంచి ఈ రాత్రి బిగుసుకోవచ్చు, రేపు బిగుసుకోవచ్చు, చీము ఎక్కడైనా కొంచెం మిగిలిపోయి ఉండొచ్చు. ఇక బాగానే ఉంటుంది కదక్కా అని అడిగితే ఆమె ఏమంటుందో చూద్దామని అడిగాను. ఈ వారం గడవాలే, అంది. అంతకుమించి ఒక్క అక్షరం కూడా ముందుకి పోలేదు. ఆమె నోట అంత పొట్టి నిజం నేను ఎన్నడూ వినలేదు. నా చెయ్యి తీయలేదు. జెల్లు చల్లగా ఉంది, వేళ్ల మధ్య జిగురుగా ఉంది, పరవాలేదు. బయట మా ఆయన, పెద్దది, లిఫ్టు పక్కన. వాళ్లకి కబురు చెప్పడానికి అక్క లేచింది. ఆమెకి చెప్పడం వచ్చు, ఎక్కడ ఎంత చెప్పాలో ఆమెకి తెలుసు, అయినా ఎడమచేత్తో, కొంగు పట్టుకున్నట్టు, ఆమె గౌను పట్టుకుని ఆపాను.

"అద్దెవాళ్లు ఇంట్లోనే ఉన్నారని చెప్పు, అక్కా. అంతే చెప్పు. ఒక్క మాట కూడా ముందు చెప్పకు."